‘పొగ త్రాగరాదు’ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పొగ త్రాగరాదు’ బోర్డు గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. తమరు గోడ మీద క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తమరి కింద మేమంతా దగ్గుతున్నాం.

నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో, ఊపిరితిత్తుల డాక్టర్ గది బయట, మా మామయ్యతో పిలుపు కోసం కూర్చుని ఉంటే ఒకాయన వచ్చి సరిగ్గా తమరి కిందే సిగరెట్ ముట్టించాడు. తమరివైపు వేలు చూపించాను. ఆయన తలెత్తి, తమరిని ఓపిగ్గా చదివి, "అవునండీ, బోర్డు ఉంది" అని ఒప్పుకుని ఇంకో దమ్ము లాగాడు. సెక్యూరిటీ అతన్ని పిలిస్తే, "బోర్డు పెట్టాం కదండీ, ఇంకేం చెయ్యమంటారు?" అన్నాడు.

ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. పాపం గార్డుని అని లాభమేముంది? పెద్ద పెద్ద ప్రభుత్వాలు చెప్పేదీ అదేగా!

పైగా తమరికి ప్రమోషన్ ఇవ్వాలని కొందరు పట్టుబడుతున్నారు. గోడ మీద నుంచి ఏకంగా దేశం మీదికి. సిగరెట్, మందు అమ్మకాలే నిషేధించాలట. వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకుంటోంది. అందులో పది లక్షలకు పైగా అసలు తాగనివాళ్ళు, పక్కవాడి పొగ పీల్చి పోయినవాళ్ళు. మా మామయ్య కూడా ఏనాడూ ముట్టలేదు.

కానీ తమరి పెద్దన్నల చరిత్ర చూడండి. అమెరికావాళ్ళు మందు మీద 1919లో రాజ్యాంగంలోనే బోర్డు తగిలించారు, 1920 నుంచి అమలు. తాగేవాడు దొంగచాటు బార్లకి పోయాడు, లేదా డాక్టర్ చేత విస్కీకి చీటీ రాయించుకున్నాడు. పరిశ్రమల స్పిరిట్‌ని కాజేసి తాగుతున్నారని ప్రభుత్వమే అందులో విషం పెంచించింది. జనం చచ్చారు, మందు చావలేదు. 1933లో బోర్డు దించేశారు. భూటాన్ 2004లో పొగాకు అమ్మకం ఆపింది. సరిహద్దు దాటి దొంగసరుకు వస్తూనే ఉంది. 2021లో వాళ్ళూ దించారు.

న్యూజిలాండ్‌ది మరీ ముచ్చట. 2009 నుంచి పుట్టినవాళ్ళకి జన్మలో సిగరెట్ అమ్మకూడదని 2022లో చట్టం చేశారు. ప్రభుత్వం మారింది, 2024లో ఆ బోర్డు రంగు ఆరకముందే పీకేశారు. సిగరెట్ల మీద వచ్చే రాబడి పన్ను కోతలకు పనికొస్తుందని ఆర్థిక మంత్రే అన్నారు. ఎంత నిజాయతీ!

మందు సీసా మాటెత్తను. 1988 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వాళ్ళ లెక్కలో, క్యాన్సర్ కచ్చితంగా తెచ్చేవాటి మొదటి జాబితాలో ఉన్నా, చాలా దేశాల్లో దాని మీద ఆ ముక్క రాయరు. దానికి తమరిపాటి బోర్డు కూడా దిక్కులేదు.

ఇక మర్యాద నా వల్ల కాదు. నిన్ను తగిలించిన చెయ్యే ఆ సిగరెట్ మీద పన్ను వసూలు చేస్తోంది. పన్ను వద్దనడం లేదు. రేటు పెరిగితే తాగడం తగ్గుతుంది, ముఖ్యంగా కుర్రాళ్ళలో. నా మంటల్లా, ఆ డబ్బుకి అలవాటు పడ్డాక, మానేవాళ్ళు ఎక్కువైతే ఖజానాకే టెన్షన్. అందుకే నువ్వు కావాలి. నువ్వు ఎవరినీ ఆపవు, ఆపుతున్నట్టు కనిపిస్తావు, అంతే. వరండాలో ఒక్క సిగరెట్ ఆర్పించలేనివాళ్ళు దేశమంతా ఆర్పిస్తామంటే ఎలా నమ్మేది? నిషేధమంటే ఇంకా పెద్ద బోర్డు, దాని కింద ఇంకా పెద్ద గార్డు, ఆయనకి ఇంకా పెద్ద లంచం.

ప్రమోషన్ వద్దని చెప్పు. నీ పక్కన జరిమానా రసీదు పుస్తకంతో ఒక మనిషిని నిలబెట్టమను. ఆ పన్నులోంచి కొంత తీసి, మానేద్దామనుకునేవాడికి డాక్టర్‌నీ మందుల్నీ చూపించమను. అదీ చేతకాకపోతే నిన్ను చెరిపేసి, ఈ ఏడాది పొగాకు మీద ఎంత రాబడి వచ్చిందో అదే గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమను. కనీసం అబద్ధం చెప్పినట్టు ఉండదు.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు