నలభై నిమిషాల లెక్క చాలదు

తిరుమల నుంచి దిగే వాహనం 40 నిమిషాల కంటే ముందే కొండ కింది అలిపిరికి చేరకూడదన్నది నిబంధన. మంచిదే. దాన్ని దాటే కిటుకు కూడా డ్రైవర్లకు బాగా తెలుసు. మలుపుల్లో దూసుకొచ్చి, టోల్‌గేట్‌కు కాస్త ముందు బండి పక్కన ఆపి, టైము అయ్యేదాకా కూర్చుంటే సరి. పైన బయల్దేరిన టైము వేసి ఇచ్చే చీటీ మీద లెక్క సరిపోతుంది.

చీటీ చూసేది సగటు వేగాన్ని. దెబ్బ తగిలేది మాత్రం ఆ క్షణాన ఉన్న వేగంతో. పైగా వేగం రెట్టింపైతే గతిశక్తి, అంటే కదిలే బండికి ఉండే శక్తి, నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడమంటే ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడటం. 60 దగ్గర అది 14 మీటర్లు, 80 దగ్గర 25. మిద్దె అంచున నిలబడితే కాళ్లు వణికే మనిషికి స్పీడోమీటర్ ముల్లు చూస్తే ఏ భయమూ కలగదు.

ఘాట్‌లో ఇంకో సంగతి ఉంది. తిరుమలకు, తిరుపతికి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. పది టన్నుల బస్సు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తితో 200 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. టైర్లకు, గాలికి కొంత పోయినా మిగిలినదంతా ఇంజినో, బ్రేకులో భరించాలి. చిన్న గేరులో దిగితే ఇంజిన్ పంచుకుంటుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి పట్టు వదిలాక ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అంటాం, ఏదో దైవఘటన అన్నట్టు.

భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో పెళ్లివారి బస్సు లోయలో పడింది. మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరులో బస్సు, లారీ ఢీకొన్నాయి. ఆ దారుల్లో టైము చీటీ కూడా లేదు.

తిరుమల దారిలో మలుపుల ముందే వేగం కొలిచి అక్కడికక్కడే జరిమానా వేయాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చే డ్రైవర్లకు, దిగేముందే ఏ గేరులో దిగాలో తెలుగు, తమిళం, కన్నడంలో చెప్పే బోర్డులు పెట్టాలి. ‘నిదానమే ప్రధానం’ అన్న బోర్డులు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటి పక్కన 60 అంటే 14 మీటర్లని రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.