గోల్కొండ పేరు పాండిచ్చేరిలో, పడమటి ఎండ హైదరాబాద్‌లో

గాజు భవనాలను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా మండువా లోగిలిని గుర్తు చేసుకోవడం మనకు అలవాటైంది. పెంకుటిల్లు చల్లన, కాంక్రీటు వేడి, కాబట్టి తాతల పద్ధతికి పోదాం అంటారు. తప్పు చేసింది కాంక్రీటు కాదు. దాన్ని ఎటు తిప్పి నిలబెట్టామో చూడండి.

పాండిచ్చేరి అరవిందాశ్రమంలో ‘గోల్‌కోండ్’ అనే వసతి గృహం ఉంది. ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ డిజైన్ చేస్తే, ఆయన దగ్గర పనిచేసే జార్జ్ నకాషిమా దగ్గరుండి పని నడిపించాడు. నిర్మాణం 1937లో మొదలైంది. గోపురం లేదు, కమాను లేదు, పచ్చి ఆధునిక కాంక్రీటు. పొడుగు ముఖాలు రెండూ ఉత్తర దక్షిణాలకు, తూర్పు పడమరలకు ఇరుకు గోడలు. పొడుగు ముఖాలకు గోడల బదులు తిప్పుకునే అడ్డ పలకలు. గదులన్నీ ఒక పక్క, నడవా రెండో పక్క. మధ్యనున్న టేకు స్లైడింగ్ తలుపుల్లో బద్దలు ముందూ వెనకా ఎడంగా బిగించారు. వాటి సందుల్లోంచి గాలి దూరుతుంది, చూపు దూరదు. స్లాబు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు, రెంటి మధ్య గాలి ఆడే ఖాళీ. ఎండకు పెంకు కాలుతుంది, ఆ వేడి స్లాబుకు చేరేలోపే గాలి లాక్కుపోతుంది. పెంకుటింటి అటక చేసేదీ ఇదే పని. ఏసీలు పెట్టే ఆలోచనే లేకుండా సముద్రపు ఉక్కపోతను తట్టుకునేలా కట్టారు.

దీనికి హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ పేరు అందుకే. డబ్బు మనదే, నేర్చుకోనిదీ మనమే.

సంప్రదాయం వైపు మాట్లాడేవారి మాటలో నిజం లేదని కాదు. మట్టి, సున్నం, చేతిపని విలువ తెలిసినవాళ్లే. కానీ ఈజిప్టులో ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ 1940లలో మట్టి ఇటుకలతో న్యూ గుర్నా ఊరు కడితే, ఎవరి కోసం కట్టాడో వాళ్లలో చాలామంది అక్కడికి రాలేదు. ఫారోల నాటి సమాధులున్న పాత కొండే వాళ్లకు బతుకుదెరువు. పైగా ఆ గుమ్మటాలు దక్షిణాన ఉన్న నూబియా మేస్త్రీల విద్య, గుర్నా ఇళ్ల తీరు కాదు. తర్వాత భూగర్భజలం పైకి వచ్చి, ఉప్పు పేరుకుని గోడలు దెబ్బతిన్నాయి. సంప్రదాయాన్ని పక్క ఊరి నుంచి తెచ్చుకున్నా అరువు అరువే.

ఇక మన సంగతి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి జూలై నెలాఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ ఎండను ఆపడానికి చిన్న సన్‌షేడ్ చాలు. చంపేది పడమర. మే నెలలో సాయంత్రం 5 గంటలకు సూర్యుడు దాదాపు 23 డిగ్రీల ఎత్తుకు దిగిపోతాడు. ఒకటిన్నర అడుగుల సన్‌షేడ్ అప్పుడు పడమటి కిటికీ మీద వేసే నీడ సుమారు 8 అంగుళాలు. మిగతా కిటికీ అంతా పొయ్యి. 6 మిల్లీమీటర్ల మామూలు అద్దం తన మీద పడిన ఎండ వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. లోపల పరదా వేస్తే వెలుగు తగ్గుతుంది గానీ వేడి అప్పటికే గదిలోకి వచ్చేసింది. ఆపితే అద్దానికి బయటే ఆపాలి, అదీ నిలువు పలకలతో. ముందు గోడకు అతికించే ఫైబర్ జాలీ ఫొటోకే పనికొస్తుంది.

ఇప్పుడు ‘ఈస్ట్ ఫేసింగ్’ మోజు చూడండి. కారిడార్‌కు రెండు పక్కలా ఫ్లాట్లు ఉండే మామూలు ప్లానులో గుమ్మం తూర్పుకు ఉందంటే హాలు, బాల్కనీ పడమరకు తెరుచుకుంటాయి. ఎదురు కిటికీ లేదు కాబట్టి వచ్చిన గాలికి పోయే దారి ఉండదు. వాస్తు పేరుతో ఎక్కువ డబ్బు పెట్టి మరీ పడమటి ఎండను కొనుక్కుంటున్నాం. బిల్డరుకు పట్టదు. ఇల్లు కట్టేది ఆయన, కరెంటు బిల్లు కట్టేది మనం.

ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత ప్రకారం, మన వాతావరణంలో పైకప్పును మినహాయించి గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. దాని పేరు ఆర్‌ఈటీవీ. అడ్వాన్స్ ఇచ్చే ముందు బిల్డరును ఆ అంకె అడగండి. తడుముకుంటే, సాయంత్రం 5 గంటలకు వెళ్లి ఆ హాల్లో పది నిమిషాలు నిలబడండి.