ఆధార్ లేదని బడి గేటు మూస్తారా?

బడులు తెరిచారంటే హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో మళ్లీ అదే తంతు. బర్మా (మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా తల్లి ఆరేళ్ల పిల్లను వెంటబెట్టుకుని సర్కారు బడికి వస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి చీటీ, టీకాల కార్డు. కవరు విప్పకముందే ప్రశ్న: ఆధార్ ఉందా? లేదంటే తెచ్చుకుని రమ్మంటారు. ఎక్కడి నుంచి తెస్తుంది? దళారీ దగ్గర కొంటే జైలు. ఆ సంగతి అడిగేవారికీ తెలుసు.

ఆ ప్రశ్న ఏ చట్టంలో ఉందో ఎవరైనా చూపిస్తారా? 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. ‘పౌరుల పిల్లలు’ అని అందులో ఎక్కడా లేదు. వయసు రుజువుకు ఆసుపత్రి లేదా ఏఎన్‌ఎం రిజిస్టర్, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకుంటే తల్లిదండ్రులు రాసిచ్చే వాంగ్మూలం చాలని నమూనా నిబంధనలు చెబుతున్నాయి. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో చోటు కాదనరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 సెప్టెంబరు 26నే తేల్చింది. 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల కేసులోనే, ముందు ప్రభుత్వ బడికి వెళ్లండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అంది. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని తల్లి ఒకటో తరగతి సీటు కోసం హైకోర్టు మెట్లెక్కాలా?

పోనీలే అని పిల్లను పేరు రాసుకోకుండా తరగతిలో ఊరికే కూర్చోబెట్టుకోవడం ఇంకో అన్యాయం. పేరు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎక్కదు, బడుల వివరాల జాతీయ లెక్క యూడైస్‌లో ఎక్కదు. పుస్తకాలు, యూనిఫాం వచ్చేది ఆ లెక్క ప్రకారమే. చివరికి పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్స్‌లోనూ పేరుండదు, హాల్‌టికెట్ రాదు. ఆడపిల్ల అయితే అంతదాకా ఆగేదే ఉండదు. బడి మానిన పిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకుంటుంది, పద్దెనిమిది నిండకుండానే పెళ్లి మాటలు మొదలవుతాయి.

రేపటి చిక్కు ఇంకా పెద్దది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో జనన ధ్రువపత్రమే ప్రమాణం. గుడిసెలో కాన్పయితే 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. తల్లిదండ్రుల ఆధార్ ‘ఉంటే’ రాయమంది జనన మరణాల నమోదు చట్టం. కౌంటర్ దగ్గర ఆ ‘ఉంటే’ మాయమైతే బిడ్డ బతుకంతా కాగితం లేనిదే. ధ్రువపత్రం ఇస్తే పౌరసత్వం ఇచ్చినట్టేనన్న భయంలో పస లేదు. 2004 డిసెంబరు 3 నుంచి ఇక్కడ పుట్టినంత మాత్రాన ఎవరూ పౌరులు కావడం లేదు.

సరిహద్దు దాటి వచ్చినవారి సంగతి కేంద్రం, కోర్టులు తేల్చాలన్న వాదనను మేం తోసిపుచ్చడం లేదు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయని మాటా నిజమే. కానీ 1992లో బాలల హక్కుల ఒప్పందంలో చేరింది. అందులో 22వ అధికరణం శరణార్థి పిల్లల గురించే. బర్మా కాందిశీకులన్న మాట తెలుగువారికి కొత్తదీ కాదు. విశాఖలో ఆ పేరుతో పేటే ఉంది.

తల్లుల పరిస్థితీ ఇంతే. 2005 గృహహింస చట్టం, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఏ స్టేషన్‌లోనైనా రాయించగల జీరో ఎఫ్‌ఐఆర్, ఇవేవీ పౌరసత్వం అడగవు. అయినా స్టేషన్‌లో ఫిర్యాదుకన్నా ముందు కార్డు అడుగుతారని ఆమె భయం. కొట్టే మొగుడికి, కూతుర్ని అడ్డదారి పట్టించే దళారీకి ఆ భయమే ధైర్యం. పైగా ఆమె మాట తర్జుమా చేసేది చాలాసార్లు ఇంటి మగవాడే. స్టేషన్‌లో, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రంలో ఒక మహిళా దుబాసీని పెట్టడానికి ఏ ఒప్పందంపైనా సంతకం అక్కర్లేదు.

మా ఆందోళన ఒక్కటే. చట్టంలో లేని షరతును గేటు దగ్గర గుమాస్తా పెడితే, ఇవాళ అది రోహింగ్యా పిల్లకు. రేపు ఒడిశా నుంచి వచ్చిన ఇటుకబట్టీ కూలీ కొడుక్కు. ఎల్లుండి నల్లమల చెంచు బిడ్డకు. ఒకసారి అలవాటైన షరతు మనిషిని చూసి ఆగదు.

రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల విద్యాధికారులు ఒక్క పేజీ ఉత్తర్వు ఇవ్వాలి. ఆధార్ గడి ఖాళీగా ఉన్నా చేర్చుకోండి, పేరు శరణార్థి కార్డులో ఉన్నట్టే రాయండి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి అని. నోటిమాటతో తిప్పి పంపడంలోనే అసలు కిటుకుంది. కాగితం లేకపోతే కోర్టులో చూపడానికి ఏమీ మిగలదు. బడిబాట పేరుతో గడపగడపకూ తిరిగి పిల్లల్ని రమ్మనేదీ మీరే, నడిచొచ్చిన పిల్లను వెనక్కి పంపేదీ మీరే. వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదనే విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ రెండో భాగం ఒకే ఒక్క వాక్యం. అది చదవడానికి మీకు ఇంకా ఎన్ని విద్యా సంవత్సరాలు కావాలి?