ఆ కిడ్నీ కొయ్యబొమ్మ లాంటిది

గత వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. "అమెరికాలో త్రీడీ ప్రింటర్‌తో కిడ్నీ తయారుచేసి ఒక కుర్రవాడికి అమర్చారు. మన కణాలతోనే చేస్తారు, దాత అక్కర్లేదు. రెండేళ్లలో తిరుపతికీ వస్తుంది." కింద వీపు మీద చెవి మొలిచిన ఎలుక ఫొటో, 'జన్యువులు మార్చి మనిషి చెవి మొలిపించారు' అన్న వ్యాఖ్య. పుత్తూరులో ఉండే మా మామయ్య వారానికి మూడుసార్లు తిరుపతికి వచ్చి డయాలిసిస్ చేయించుకుంటారు. తన కిడ్నీ ఇవ్వడానికి అత్తయ్య పరీక్షలు మొదలుపెట్టారు. సందేశం చదివి మామయ్య, "అయితే రెండేళ్లు ఆగుదాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

కుర్రవాడికి కిడ్నీ అమర్చారా? లేదు. 2011 మార్చిలో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద అవయవాలను ప్రయోగశాలలో పెంచే అమెరికా వైద్యుడు డాక్టర్ ఆంథొనీ అటాలా ప్రింటర్‌తో చేసిన కిడ్నీ ఆకారాన్ని చూపించారు. అంతకు పదేళ్ల ముందు ప్రయోగశాలలో పెంచిన మూత్రాశయం పొందిన యువకుడొకడు అదే వేదిక ఎక్కాడు. కొందరు విలేకరులు రెంటినీ ముడివేశారు. తిరుపతి కొయ్యబొమ్మకు కళ్లున్నట్టే ఆ కిడ్నీకి రూపం ఉంది, అంతే.

మూత్రాశయం చేసినవాళ్లకు కిడ్నీ ఒక లెక్కా అంటారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అటాలా బృందం 2006లో ఇలాంటి మూత్రాశయం అమర్చిన ఏడుగురి ఫలితాలు ప్రకటించింది. వాళ్ల కణాలనే తీసి, కొలాజెన్, పాలీగ్లైకాలిక్ ఆమ్లంతో చేసిన సంచీ లాంటి అచ్చు మీద పెంచారు. పాలీగ్లైకాలిక్ ఆమ్లం అంటే శరీరంలో కరిగిపోయే కుట్ల దారం చేసే పాలిమరే, ప్లాస్టిక్ లాంటి పదార్థం. మూత్రాశయం పలుచని గోడలున్న సంచీ. అయినా అలాంటి మూత్రాశయాల మీదే 2014లో వెలువడిన మరో పరీక్ష నిరాశపరిచింది. ఇక ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడలుంటాయి. రక్తకేశనాళికకు, అంటే అతి సన్నని రక్తనాళానికి, మిల్లీమీటరులో ఐదో వంతు దూరం దాటితే కణానికి ఆక్సిజన్ సరిగా అందదు. కాలువ నీరు అందని చివరి మడిలా అది ఎండిపోతుంది. వెంట్రుకలో పదో వంతు సన్నని నాళాలను కిడ్నీ నిండా అల్లి, వాటిని ధమనికి కలిపి, గడ్డకట్టకుండా రక్తం పారించడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. చర్మం, మృదులాస్థి (చెవిలో ఉండే మెత్తని ఎముక) ముందుగా దారికి రావడానికి కారణమూ ఇదే: చర్మం పలుచన, మృదులాస్థికి రక్తనాళాలే ఉండవు.

ఎలుక సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అది 1997 నాటి చిట్టెలుక. చెవి ఆకారపు పాలిమర్ అచ్చులో ఆవు మృదులాస్థి కణాలు పెంచి, రోగనిరోధక శక్తి లోపించిన ఆ ఎలుక చర్మం కింద పెట్టారు. చెవి కోసం జన్యువులేవీ మార్చలేదు. పాపం, అది మనిషి చెవీ కాదు.

జన్యువులు మార్చిన కిడ్నీ నిజంగా ఒకటుంది. 2024 మార్చిలో బోస్టన్‌లో 69 జన్యుమార్పులు చేసిన పంది కిడ్నీని ఒక రోగికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలు బతికారు. మరణానికి ఆ కిడ్నీ కారణమన్న సూచనేమీ లేదని ఆసుపత్రి తెలిపింది. అక్కడా దాత ఉంది, కాకపోతే పంది.

ఇదంతా మామయ్యకు డయాలిసిస్ మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆయన ఫోను పక్కన పెట్టి, అత్తయ్య పరీక్షలు ఎప్పుడని అడిగారు. మంగళవారమే.