సవరణ: పెప్టైడ్ ఇంజెక్షన్లన్నీ ఒక గాటన కట్టొద్దు

"పెప్టైడ్ మందులకు మన దేశంలో అనుమతి ఉంది" అని మొన్న రాశాను. (పెప్టైడ్ అంటే ప్రొటీన్ లాంటిదే, కాకపోతే చిన్న గొలుసు.) ఆ మాట షుగరుకీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటివాటి గురించి. పర్లాకిమిడి జిమ్ కుర్రాళ్లు కొందరు దాన్ని గాయాలు మానుతాయంటూ అమ్మే బీపీసీ-157 అనే మరో పెప్టైడ్‌కి కూడా అన్వయించుకుంటున్నారు. అది కుదరదు.

సెమాగ్లూటైడ్‌ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో షుగరుకి, 2021లో బరువు తగ్గడానికి ఒప్పుకుంది. బరువు మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. వికారం, వాంతులు ఎంతమందికి వచ్చాయో కూడా లెక్క ఉంది.

బీపీసీ-157కి అలాంటి లెక్కేదీ లేదు. ఎలుకల్లో గాయాలు మానాయన్న ప్రయోగాలే ఎక్కువ, మనుషుల మీద చేసినవి బహు కొద్ది, అవీ చిన్నవి. 2022 నుంచి అది ఆటల్లో డోపింగ్‌ని అడ్డుకునే ప్రపంచ సంస్థ 'వాడా' (WADA) నిషేధ జాబితాలో ఉంది. కబడ్డీ పోటీలకెళ్లే తమ్ముళ్లూ, వింటున్నారా?

ఒకతను బీపీసీ-157 సీసా ఫొటో పంపాడు. అడుగున చిటికెడు తెల్లపొడి, లేబుల్ మీద "పరిశోధనకు మాత్రమే" అని సన్నక్షరాలు. మందు అన్నాక తయారీ లైసెన్సు నంబరు ఉండి తీరాలి, అది లేదు. కంపెనీ బొమ్మ మాత్రం భలే ఉంది!

మోకాలి నొప్పికి టెరిపరటైడ్ అనే పెప్టైడ్ ఇంజెక్షన్ గురించి అడిగిన అక్కకి: అది 2002 నుంచీ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్నదే, కానీ ఎముకలు గుల్లబారినవాళ్లకి. మోకాలి నొప్పికి కాదు.