అరుంధతి కనపడకపోతే ఆరు నెలల్లో పోతారా?

పెళ్లిళ్ల సీజన్ రాగానే అరుంధతి మెసేజ్ మళ్లీ లేచింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, టెన్త్ బ్యాచ్ గ్రూపులో అదే, చివరికి మంచినీళ్ల ట్యాంకర్ కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా అదే. ఇంకా అందనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. మామూలు జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుందట. వశిష్ఠుడు, అరుంధతి మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట. కంటికి కనపడని ఈ జంట సంగతి మన రుషులకు ఎప్పుడో తెలుసట, నాసా ఇప్పుడు కనిపెట్టిందట. అరుంధతి కనపడనివాళ్లు ఆరు నెలల్లో పోతారట. పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారట.

శుభవార్త సంగతి వదిలేద్దాం.

నాసా పుట్టిందే 1958లో. వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరని గెలీలియో శిష్యుడు కాస్టెల్లి 1617 నాటికే టెలిస్కోపుతో చూశాడు. ఇక కంటికి కనపడదంటారా, మరి పురోహితుడు వేలు పెట్టి చూపించేది దేన్ని? పట్టపగలు ముహూర్తాల్లో ఏం చూపిస్తున్నారన్నది వేరే విషయం. "కనపడిందా అమ్మా" అంటే "ఆఁ" అనని పెళ్లికూతుర్ని నేనింకా చూడలేదు.

నాకు ఒళ్లు మండింది ఆ ఆరు నెలల ముక్క దగ్గర. విజయవాడ గుణదలలో మా పెద్దమ్మ ఉంది. డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, కంట్లో శుక్లాలు. ఎండలు తగ్గాక ఆపరేషన్ చేయించుకుంటానని వాయిదా వేస్తోంది. ఎవరో పుణ్యాత్ములు ఆవిడకీ పంపారు. రాత్రి డాబా ఎక్కి, కొంగుతో కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని చూసిందట. కనపడలేదు. కిందికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. తెల్లారగానే నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, బ్యాంకు కాగితాలు బీరువాలో నీలం సంచీలో ఉన్నాయి, గుర్తుపెట్టుకో" అంది.

అయ్యా, అరుంధతి మసక చుక్క. వశిష్ఠుడి వెలుగులో ఐదో వంతు కూడా ఉండదు. ఇద్దరి మధ్య ఎడం చంద్రబింబం వెడల్పులో మూడో వంతు పైమాటే కాబట్టి చూపు బాగున్నవాళ్లకు చీకట్లో తేలిగ్గానే విడిగా కనపడుతుంది. శుక్లాలున్న కంట్లో వెలుగు చెదిరి, చిన్న చుక్క పెద్దదాన్లో కలిసిపోతుంది. పైగా బెంజ్ సర్కిల్ లైట్లు, దుమ్ము, కృష్ణ మీంచి వచ్చే తేమ. మార్గశిరంలో అయితే అరుంధతి అర్ధరాత్రి ప్రాంతంలో గానీ ఉదయించదు. ఆ నెల పెళ్లిలో సాయంత్రం భోజనానికొచ్చినవాళ్లంతా టికెట్ తీసుకున్నట్టేనా?

"శాస్త్రంలో ఉంది" అని గ్రూపులో ఒకాయన అడ్డొచ్చాడు. ఉంది, కాదనను. అరుంధతి, ధ్రువుడు, ఆకాశగంగ కనపడనివాడికి ఆయువు చెల్లినట్టేనని పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో ఉంది. మరి ఆకాశగంగ మాట మెసేజ్‌లో ఎందుకు లేదు? విజయవాడ నడిబొడ్డున డాబా మీంచి పాలపుంత చూసినవాళ్లు చెయ్యెత్తండి. ఆ లెక్కన రోజూ కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నది మనం కాదు, మన ఆత్మలు. వీధిలైట్లు లేని కాలంలో, నిన్నటిదాకా చుక్కలు చూసినవాడికి ఉన్నట్టుండి కనపడకపోతే వైద్యుడు కంగారు పడ్డాడంటే అర్థముంది. అసలు అరుంధతి ఓ పట్టాన కనపడదని పెద్దలకే తెలుసు. అందుకే ముందు పక్కనున్న పెద్ద చుక్క చూపించి, అక్కణ్నుంచి చిన్నదాని దగ్గరికి తీసుకెళ్లే పద్ధతికి స్థూలారుంధతీ న్యాయమని పేరు కూడా పెట్టారు. పెద్దమ్మకు కావాల్సింది కంటి డాక్టరు, వీలునామా కాదు.

ఇక తిరుగుడు. ఏ జంట నక్షత్రంలోనూ ఒకటి కదలకుండా నిలబడదు. రెండూ ఉమ్మడి భారకేంద్రం, అంటే రెండిటి బరువూ సరితూగే చోటు, చుట్టూ తిరుగుతాయి. వశిష్ఠుడికీ అరుంధతికీ ఇందులో ప్రత్యేక కోటా ఏమీ లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వీళ్లిద్దరికీ నిజంగా బంధం ఉందా, చూపుకే పక్కపక్కన ఉన్నారా అన్నది శాస్త్రవేత్తలే చాలాకాలం తేల్చుకోలేదు. 2009లో ప్రకటించిన పరిశోధనలు బంధం ఉందనే వైపు మొగ్గాయి. అంటే మెసేజ్ రాసినవాడు చీకట్లో వేసిన రాయి తగిలి ఉండొచ్చు. తగిలినా, సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ జంటకు ఒక్క చుట్టుకు లక్షల ఏళ్లు పడుతుంది. నేల మీద నిలబడి కంటితో చూసి తేల్చే పని కాదది. ఆ పరిశోధనల్లోనే అరుంధతి పక్కన ఒక చిన్న ఎర్ర నక్షత్రం బయటపడింది. వశిష్ఠుడి వైపు అప్పటికే నలుగురు లెక్క తేలారు. మొత్తం ఆరుగురు. ఆదర్శ దంపతులని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈసారి ఉమ్మడి కుటుంబం అని మార్చి పంపండి.