120 మైక్రాన్లు గారికి కిరాణా కొట్టువాడి విన్నపం

మహారాజశ్రీ 120 మైక్రాన్లు గారి సముఖానికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక కిరాణా కొట్టువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నిన్న మధ్యాహ్నం పోయిన రెండు వేలు తప్ప.

ప్లాస్టిక్ కవరుకి కనీసం ఉండాలని రూలు పెట్టిన మందం తమరే. అయినా తమరిని నేనెప్పుడూ కళ్లారా చూడలేదు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండరట. 2011లో 40గా ఉండేవారు, 2016లో 50 అయ్యారు, 2021 సెప్టెంబరు ఆఖరుకి 75, 2022 డిసెంబరు 31కి 120. మా మనవడు కూడా ఇంత జోరుగా ఎదగలేదు. మీరు ఎదిగినప్పుడల్లా నా కొట్లో కవర్ల కట్టలు చెత్తలోకి పోయాయి. చెత్త తగ్గించడానికే కదా, కానివ్వండి.

నిన్న తనిఖీకి ఇద్దరు వచ్చారు. పెద్దాయన నా కవరొకటి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, పట్టుచీర నాణ్యం చూసినట్టు నలిపాడు. "డెబ్బై ఐదు దాటదు" అన్నాడు. కొలిచే పరికరం ఏదండీ అంటే "పాతికేళ్ల సర్వీసు" అన్నాడు.

అయ్యా, నా ఎలక్ట్రానిక్ కాటాకి ఏటేటా ప్రభుత్వ ముద్ర వేయించాలి. ముద్ర లేని కాటాతో పావుకిలో కందిపప్పు తూచినా తప్పే. మరి ఆ రెండు వేళ్లకి ముద్ర ఎవరు వేశారు? భోజనం చేసి నేరుగా వచ్చినట్టున్నాడు, వేళ్లకి ఇంకా గోంగూర వాసన. ఆ నూనెకి మైక్రాన్లు పెరుగుతాయా, తరుగుతాయా? పైగా ఆ కవరు మీద 120 అని అచ్చేసి ఉంది. అచ్చు అబద్ధమైతే అచ్చేసినవాణ్ణి పట్టుకోవాలి. అంతదూరం పోవడానికి టైం లేదట. నేను దారిలో దొరికాను. వేలికి వెయ్యి చొప్పున జరిమానా రాసి చేతిలో పెట్టారు.

ఇంతా చేసి, పట్టుకున్న కవర్లు మోసుకెళ్లడానికి "పెద్ద కవరేమైనా ఉందా?" అని నన్నే అడిగారు.

కొట్టు ఎదురుగా స్తంభానికి పుట్టినరోజు ఫ్లెక్సీ ఊగుతోంది. బ్యానర్లకి హద్దు 100 మైక్రాన్లేనట. ఉల్లిపాయల కంటే నాయకుడు తేలిక కాబోలు. నా కొట్లో తోరణాల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్ల జోలికి తమరు రారు.  మా ఊరి బుడమేరు వాగు సంగతి, 2024 సెప్టెంబరు వరదలో సింగ్‌నగర్ మునిగిన సంగతి ఎత్తను. ఎత్తితే ఈ కాగితం చాలదు.

నేను పాతకాలం మనిషిని. ఓటూ అలాగే వేస్తాను, మా పద్ధతులు మమ్మల్ని బతకనిచ్చేవాళ్లకి. మా నాన్న బెల్లం కాగితంలో పొట్లం కట్టి, మిగిలిన పురికొస ముక్క కూడా డబ్బాలో దాచేవాడు. పాత పంచె చింపి మా అమ్మ కుట్టిన సంచి ఇప్పటికీ కొట్లో మేకుకి వేలాడుతోంది. ఆ సంచి కుట్టమని ఏ గెజిట్టూ చెప్పలేదు. అది వదిలేసి కవర్లకి మరిగింది మేమే, ఒప్పుకుంటాను. మొన్న ఒకావిడ కవరు లేదంటే తూచిన పంచదార అక్కడే వదిలేసి పక్క కొట్టుకి పోయింది. సంచి అలవాటు మళ్లీ తెస్తామంటే నా గుమ్మం ముందు నేనే బోర్డు పెడతాను.

కానీ నలిపి చూసి రెండు వేలా? కొలిచి చూపించి నాలుగు వేలు అడగమనండి, ఇస్తాను. కొలవకుండా రూపాయి ఇవ్వకూడదు. ఇచ్చాను. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

ఇట్లు,
ముద్ర ఉన్న కాటావాడు